వరద తీసిన పొలము: ముఖముపై మచ్చలు, వాని చికిత్స

వరద వచ్చిపోయిన లంకపొలమును చూచినవారికి ఒక సంగతి తెలియును. నీరు తీసిన మరునాడు ఆ నేలపై రెండు విధములైన గుర్తులు కనబడును. ఒకచోట గోదావరి తెచ్చి పరచిన నల్లని ఒండ్రు పొరలుగా పేరుకొని యుండును. మరియొకచోట ప్రవాహము నేలను కోసికొనిపోగా ఏర్పడిన గుంటలు నోళ్లు తెరచుకొని యుండును. దారినపోవువాని కంటికి రెండును వరద చేసిన చెరుపే. కాని రైతు ఆ రెంటిని ఒకటిగా చూడడు. ఒండ్రు దుక్కిలో కలసి కొన్ని కార్తెలలో తనంతట సర్దుకొనును; కోతపడిన చోట మాత్రము మట్టి తోలి పూడ్చినగాని నేల సమము కాదు. మొటిమలు గాని, ఆటలమ్మ గాని వచ్చి తగ్గిన పిమ్మట ముఖముపై మిగులు మచ్చల సంగతియు ఇట్టిదే. వానిలో కొన్ని ఒండ్రు, కొన్ని కోత. ఈ భేదము తెలియక మన యువతీయువకులు పోగొట్టుకొను ధనమును, కాలమును, అంతకు మించి మనశ్శాంతిని తలచినప్పుడు ఈ విషయమును కొంత విపులముగా చెప్పవలెనని తోచును.

భేదమును కనుగొనుట కష్టము కాదు. కన్నులు మూసికొని మచ్చపై వ్రేలిని మెల్లగా నడపినచో, వ్రేలికి ఏమియు తగులక చర్మము నున్నగా సాగిపోయెనా, అది వర్ణదోషము: నల్లమచ్చ. వ్రేలు పల్లములో దిగినట్లు గాని, గట్టు నెక్కినట్లు గాని తోచెనా, అది రూపదోషము: గుంట, లేక కాయ. చీకటిగదిలో దీపమును ముఖమునకు ప్రక్కనుండి పట్టి చూచినను గుంటలలో నీడ నిలుచును, నల్లమచ్చలో నిలువదు. పెక్కుమంది ముఖములపై ఈ రెండును కలసియే యుండును. అప్పుడు ఏది ఎంత అని విడదీసి చూచుటయే చికిత్సకు మొదటి మెట్టు.

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానము మొదటి అధ్యాయమున వ్రణమునకు చేయవలసిన ఉపక్రమములు అరువది చెప్పబడినవి. వ్రణము మానుటతో ఆ పట్టిక ముగిసిపోలేదు. పల్లమైనదానిని పైకి తెచ్చుట ఉత్సాదనము, ఉబ్బినదానిని అణచుట అవసాదనము, తెల్లబడిన మచ్చకు నలుపు తెచ్చుట కృష్ణకర్మ, నల్లబడినదానికి సహజవర్ణము తెచ్చుట పాండుకర్మ అని రూపమునకు వేరుగను, వర్ణమునకు వేరుగను కర్మలను ఆ ఆచార్యుడు నిర్దేశించినాడు. మానిన గాయముపై మిగిలిన వికృతిని తొలగించుటకు వైకృతాపహమని పేరిడి, దానిని వ్రణచికిత్సలో ఒక అంగముగనే పరిగణించినాడు. యౌవనమున ముఖముపై లేచు పొక్కులకు ముఖదూషికలని పేరు పెట్టి, వానిని బూరుగుచెట్టు ముల్లుతో పోల్చినవాడును ఆయనయే. ఆయన చెప్పిన మందులను నేడు వాడుదుమా లేదా అనునది వేరుమాట. వర్ణమును రూపమును వేరుపరచిన ఆయన దృష్టి మాత్రము నేటి చర్మవైద్యమునకును పునాదియై నిలిచియున్నది.

మొదట వర్ణము సంగతి చూతము. మన చర్మమున పైనున్నది బాహ్యచర్మము. దాని క్రింద అంతశ్చర్మము. బాహ్యచర్మపు అడుగువరుసలో పుట్టిన కణములు పైపైకి జరిగి, ఇంచుమించు ఒక నెలకు, వయసు మీరినవారిలో ఇంకను కొంత ఆలస్యముగా, కంటికి కనబడని పొట్టుగా రాలిపోవుచుండును. ఆ అడుగువరుసలోనే అక్కడక్కడ మెలనోసైట్లను వర్ణకణములు కలవు. ఒక్కొక్క వర్ణకణము కొమ్మలవంటి చేతులు చాచి దాదాపు 36 పొరుగుకణములకు మెలనిన్ అను వర్ణద్రవ్యమును చిన్నచిన్న గుళికలుగా పంచిపెట్టును. గుళికలందుకొన్న కణము వానిని తన కేంద్రకముమీద గొడుగువలె పరచుకొని, సూర్యకిరణములు తన జీవమర్మమును చెరుపకుండ కాపాడుకొనును. నల్లనివారికిని తెల్లనివారికిని ఈ వర్ణకణముల సంఖ్యలో చెప్పదగిన భేదము లేదు. అవి చేయు గుళికల పరిమాణములోను, సంఖ్యలోను, అవి ఎంతకాలము చెదరక నిలుచుననుటలోను మాత్రమే భేదమున్నది. కావున మన చాయ అనునది లోపము కాదు, మండుటెండల దేశమున తరతరములుగా మనలను కాచిన గొడుగు.

అయితే ఈ కాపరికి ఒక స్వభావము కలదు. ఎండ తగిలినప్పుడే కాక, చర్మమున ఎట్టి మంట పుట్టినను అది మేల్కొనును. మొటిమ వాచి ఎఱ్ఱబడినప్పుడు, ఆటలమ్మ పొక్కు చీము పట్టినప్పుడు, ఆ చోటికి చేరిన రక్షకకణములు విడుచు రసాయనములు వర్ణకణమును ప్రేరేపించును. అది అవసరమునకు మించి మెలనిన్ చేసి పంచును. మంట చల్లారిన పిమ్మటను ఆ నిల్వ మిగిలిపోవును. మనము చూచు నల్లమచ్చ అదియే. సహజముగా చురుకైన వర్ణకణములున్న శరీరములలో ఈ స్పందన అధికము. అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మమును ఎండకు అది చూపు స్పందననుబట్టి విభజింప మొదలిడెను. నేడు వాడుకలోనున్న ఆరు తరగతులలో మనవారు పెక్కురు నాలుగవ, ఐదవ తరగతులకు చెందుదురు. అందుచేతనే పాశ్చాత్యుల ముఖమున కొద్దివారములు ఎఱ్ఱగా నుండి మాయమగు మొటిమ మన ముఖమున నెలల తరబడి నల్లగా నిలుచును.

ఆ నలుపు ఎంతకాలముండుననునది అది ఎంత లోతున నున్నదను దానినిబట్టి యుండును. బాహ్యచర్మములోనే నిలిచినచో గోధుమరంగుగా కనబడును. కణములు రాలిపోవుకొలది తానును రాలిపోవుచు, ఆరుమాసములలోనో ఏడాదిలోనో చాలవరకు వెలియును. అడుగువరుస చితికి మెలనిన్ క్రిందికి జారి అంతశ్చర్మమున పడినచో, అచ్చటి భక్షకకణములు దానిని మ్రింగి జీర్ణించుకొనలేక కూర్చుండును. అప్పుడు మచ్చ బూడిదకలిసిన నీలిచాయగా కనబడి, సంవత్సరములకొలది నిలుచును. పైపూతలు మొదటిదానికి చేయు మేలు రెండవదానికి చేయజాలవు. ఒకే మందు ఒకరికి పనిచేసి వేరొకరికి పనిచేయకపోవుటకు ఇది ముఖ్యకారణము.

ఇక రూపము సంగతి. అంతశ్చర్మము కొల్లాజెన్ అను బలమైన నారలతో అల్లిన చాపవంటిది. గాయము బాహ్యచర్మమును దాటనంతవరకు గుంట గాని, కాయ గాని మిగులదు. చాప తెగినప్పుడే మిగులును. మొటిమలో జరుగునది చూడుడు. రోమకూపము జిడ్డుతో పూడి, లోపల వాచి, దాని గోడ అంతశ్చర్మములోనికి పగులును. శత్రువును కరగించుటకు రక్షకకణములు విడిచిన ఎంజైములు ప్రక్కనున్న కొల్లాజెన్‌నుగూడ కరగించును. తరువాత తంతుకణములు వచ్చి క్రొత్తనారలు అల్లునుగాని, కరగినంత అల్లలేనప్పుడు పైచర్మము లోనికి క్రుంగి గుంటయగును. మొటిమలు మిగుల్చు రూపదోషములలో అత్యధికభాగము ఇట్టి లోటువలన కలిగినవే. కొందరిలో మాత్రము, ముఖ్యముగా దవడ అంచున, రొమ్మున, భుజములపైన, అల్లిక ఆగక అతిశయించి గట్టికాయగా లేచును. వ్రేళ్లతో మొటిమను నొక్కినప్పుడు చీము కొంత బయటికి వచ్చుట నిజమే. కాని మిగిలినది ఇంకను లోతునకు పగిలి చాపను మరింత చింపును.

మశూచి ఎందుకు ముఖమునే అంతగా చెక్కివేసెడిదో దీనివలన తెలియగలదు. ఆ వ్యాధి జిడ్డుగ్రంథులను నాశనము చేసెడిది. ఆ గ్రంథులు ముఖమున మెండు. మన దేశమున దాని చివరి రోగి 1975లో కనబడెను. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించెను. ఆ తరము పెద్దల చెక్కిళ్లపై గుంటలు చూచి పెరిగినవారు మనలో ఇంకను కలరు. ఆటలమ్మ అంతటి క్రూరురాలు కాదు. దాని పొక్కు బాహ్యచర్మములోనే నీరుపట్టును గనుక, చాలచోట్ల గుర్తు లేకుండనే మానిపోవును. గోటితో గీరినచోట, పక్కును ముందే ఊడదీసినచోట, సూక్ష్మజీవులు చేరి చీముపట్టినచోట మాత్రమే గుంటపడును. ఆటలమ్మ పోసిన బిడ్డను వేపరెమ్మలతో నిమురుచు, గోళ్లు కత్తిరించి, దురదపెట్టినను గీరవలదని రాత్రియంతయు ప్రక్కనే కూర్చుండిన మన అమ్మమ్మల ఆచారములో ఎంత వైద్యమున్నదో ఇప్పుడు గ్రహింపవచ్చును. ఆ వేపరెమ్మ గోటికి ప్రత్యామ్నాయము. జపానుదేశపు మిచియాకి తకహాషి 1974లో ప్రకటించిన ఆటలమ్మ టీకా నేడు మనకును దొరకుచున్నది. గుంటను పూడ్చుటకంటె గట్టు తెగకుండ చూచుట ఎల్లప్పుడును సులభము.

కావున మచ్చల చికిత్సలో మొదటి సూత్రము వ్యాధినే ముందు అణచుట. మొటిమలు లేచుచుండగా మచ్చలకు పూతలు పూయుట వరద పారుచుండగా పొలమును చదును చేయుటవంటిది. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లల మొటిమలను, వయసు దాటిన అవే పోవునని పెద్దలు ఉపేక్షించుట మన ఇండ్లలో కద్దు. మొటిమలు పోవుట నిజమే. అవి చేసిన గుంటలు పోవు. ఎఱ్ఱగా, నొప్పిగా, లోతుగా లేచు మొటిమలున్న బిడ్డను ఆలసింపక చర్మవైద్యునికి చూపుట తలిదండ్రుల ధర్మము.

రెండవ సూత్రము ఎండనుండి రక్షణ. మంటవలన మేల్కొన్న వర్ణకణమును ఎండ మరల మరల లేపుచుండినచో ఏ మందును పనిచేయదు. బయటికి పోవునప్పుడు ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువకాని సన్‌స్క్రీన్‌ను ముఖమునకు, మెడకు కలిపి రెండు వ్రేళ్ల పొడవున తీసికొని పూయవలెను. ఎండలో తిరుగువారు రెండుగంటలకొకసారి తిరిగి పూసికొనవలెను. మన చాయగలవారికి అతినీలలోహిత కిరణములే కాక కంటికి కనబడు వెలుగుకూడ మచ్చను ముదురజేయును. సాధారణపు సన్‌స్క్రీన్ ఆ వెలుగును ఆపలేదు. ఇనుప ఆక్సైడు కలిసిన రంగు సన్‌స్క్రీన్ దానిని కొంతవరకు ఆపగలదు. కొనలేనివారికి గొడుగును, తలపై కొంగును ఉండనే యున్నవి. అవియు నిజమైన చికిత్సలే.

మూడవది మందులు. వానిలో ప్రతిదానికి వర్ణక్రియలో ఒక్కొక్క తావు కలదు. మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అను ఎంజైము మూలము; హైడ్రోక్వినోన్, కోజిక్ ఆమ్లము, అజెలాయిక్ ఆమ్లము దానిని అడ్డగించును. వానిలో అజెలాయిక్ ఆమ్లము పుట్టుక వినదగినది. మన పిల్లల మెడపైన, వీపుపైన తెల్లని పొడలుగా వచ్చు శోభిమచ్చలను అందరు నెరుగుదురు. ఆ శోభిని కలిగించు శిలీంధ్రము చర్మమున ఏల రంగు తగ్గించుచున్నదని పరిశోధించిన ఇటలీ శాస్త్రజ్ఞుల దృష్టికి ఈ ఆమ్లము వచ్చినది. ఒక మచ్చ రహస్యము మరియొక మచ్చకు మందయినది. ఇది మొటిమలనుగూడ తగ్గించును. గర్భిణులకును సాధారణముగా ఇవ్వదగినది. నియాసినమైడ్ గుళికలు పొరుగుకణములకు చేరకుండ ఆపును. ట్రెటినోయిన్ వంటి రెటినాయిడ్లు కణములు త్వరగా రాలునట్లు చేసి, నిల్వయున్న మెలనిన్‌ను బయటికి త్రోయును. గర్భిణులు మాత్రము వీనిని తాకరాదు. హైడ్రోక్వినోన్ బలమైనదే కాని, ఏండ్ల తరబడి పూసినచో చర్మము తిరుగులేని నీలినలుపునకు తిరుగు ప్రమాదమున్నది. వైద్యుడు చెప్పిన కొన్ని మాసములకే దానిని పరిమితము చేయవలెను. ఈ మందులన్నిటికిని సమానధర్మమొక్కటి కలదు: రెండుమూడు మాసములు గడువనిదే ఫలము కనబడదు. చర్మము తనను తాను మార్చుకొను వేగమునకు మించి ఏ మందును పరుగిడజాలదు.

ఆ ఓపిక లేకపోవుటయే అనర్థములకు మూలము. ముఖముపై నిమ్మరసము పిండుకొని ఎండలోనికి పోవువారు కలరు. నిమ్మజాతి ఫలముల రసములోని కొన్ని పదార్థములు సూర్యరశ్మితో కలసి చర్మమును కాల్చును; ఆ కాలినచోట పాతమచ్చకంటె నల్లని క్రొత్తమచ్చ ఏర్పడును. గరుకుపొడులతో రుద్దుటయు ఇట్టిదే. రుద్దుడు మంటను, మంట నలుపును పుట్టించును. వీనినన్నిటిని మించిన కీడు స్టెరాయిడ్ క్రీములవలన కలుగుచున్నది. 1975లో అమెరికాలోని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్ ఈ మూటిని కలిపి మచ్చలకు వాడి ఫలము చూపెను. వైద్యుని కనుసన్నలలో, కొలది వారములు వాడవలసిన ఆ జాతి మిశ్రమము మన దేశమున మందులదుకాణములో అడిగినవారికెల్ల అందు తెల్లబరచు క్రీముగా మారిపోయెను. పూసిన మొదటి వారములలో ముఖము నిగనిగలాడును. ఆ నిగనిగయే వల. కొన్ని మాసములకు చర్మము పలుచబడి, ఎఱ్ఱని రక్తనాళములు పైకి తేలి, మొటిమలు తిరిగి లేచి, ఆడుబిడ్డల చెక్కిళ్లపై రోమములు మొలచును. మానివేసిన మంట, వాడిన చెరుపు. ఈ ఉచ్చునుండి బయటపడుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. భారతీయ చర్మవైద్యుల సంఘము దీనిపై దీర్ఘకాలము పోరాడినది; 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి పైపూత స్టెరాయిడ్లను వైద్యుని చీటి లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్ పట్టికలో చేర్చినది. చట్టము దుకాణపు గడపవరకే రాగలదు. ఇరుగుపొరుగు వారి క్రీముగొట్టమును అడిగి తెచ్చుకొను చేతిని ఆపవలసినది మన వివేకమే.

గుంటల చికిత్స వేరుదారి. ఏ పూతయు కోతపడిన నేలను పూడ్చజాలదని మొదట గట్టిగా నమ్మవలెను. గుంటలలో మూడు తెగలు కలవు: సూదితో పొడిచినట్లు సన్నగా లోతుగా నుండునవి, అంచులు నిలువుగా తెగి అడుగు చదునుగా నుండునవి, అలలవలె వెడల్పుగా పల్లమైనవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పనిముట్టు. సూదిగుంటల అడుగున పుల్లమొనతో గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమును అంటించి, అచ్చట క్రొత్త కొల్లాజెన్ పుట్టించు పద్ధతిని 2002లో కొరియా వైద్యులు ప్రకటించిరి. అలగుంటలలో చర్మమును క్రిందినుండి లాగిపట్టియుంచు నారలను సూదితో కోసి విడిపించు విధానమును 1995లో అమెరికాలోని ఒరెన్‌ట్రైక్ వైద్యులు వివరించిరి. సన్నని సూదులతో చర్మమును గ్రుచ్చి, ఆ చిన్నగాయములు మానుచు క్రొత్తనారలు అల్లునట్లు చేయు చికిత్సకు మూలము మరింత చిత్రమైనది: కెనడాలో ఇద్దరు శస్త్రవైద్యులు సిరాలేని పచ్చబొట్టు యంత్రముతో మచ్చలను గ్రుచ్చి, అవి మెరుగుపడుట గమనించి 1997లో ప్రకటించిరి. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ లేజర్ ముఖమంతయు కాల్చక, సూక్ష్మమైన స్తంభములుగా కొంతచోటును మాత్రమే వేడిచేసి, నడుమ చెక్కుచెదరని చర్మమును విడిచిపెట్టును. ఆ విడిచిన చర్మమే ప్రక్కగాయమును త్వరగా మాన్పును. ఉబ్బిన కాయలలోనికి మాత్రము వైద్యుడు స్టెరాయిడ్‌ను సూదితో ఎక్కించి అణచును. అజ్ఞానముచే ముఖమంతయు పూసినచో విషమైన మందు అచ్చట అమృతమగును.

ఈ పనిముట్లన్నియు గాయముచే గాయమును మాన్పునవే. గాయమైనచోట మంట, మంటయున్నచోట నలుపు పుట్టుట మన చర్మస్వభావమని ముందే చూచితిమి. కావున తెల్లనివారికి నిర్ణయించిన లేజర్ శక్తి మనకు తగదు. తక్కువ శక్తితో, ఎడమెక్కువగా, పలుమారులు చేయుటయే మేలు. ముందు నలుపును శాంతింపజేసి, ఎండరక్షణ అలవాటు చేసి, తరువాతనే గుంటలకు పూనుకొనవలెను. నూటికి నూరుపాళ్లు పోగొట్టెదనని చెప్పువాని మాట నమ్మరాదు. మానిన చర్మము ఎన్నటికిని తన మొదటి బలములో ఇంచుమించు నూటికి ఎనుబదిపాళ్లకు మించి పొందదు. గుంటలును అట్లే తేరుకొనునుగాని, అచ్చముగా మాయము కావు. సగము పూడిన గుంటలో నీడ సగము తగ్గును. దూరమునుండి చూచువాని కంటికి ఆ సగమే చాల వ్యత్యాసము.

మచ్చల మాట వచ్చినప్పుడు, గుణము ముఖ్యముగాని ముఖము కాదని పెద్దలు ఓదార్చుట కలదు. ఆ మాట సత్యమే అయినను బాధపడువానికి చాలదు. పెండ్లిచూపులలో తలవంచుకొను పిల్లయు, తరగతిలో వెనుకబల్ల వెదకికొను పిల్లవాడును అహంకారముచేత అట్లు చేయుట లేదు. మానిన గాయముపై మిగిలిన వికృతినిగూడ చికిత్సలో చేర్చిన సుశ్రుతుడు వారి దుఃఖమును వైద్యునికి తగిన పనిగా గుర్తించినాడు. వారికి కావలసినది పరిహాసము కాదు, ఉత్త ఓదార్పు కాదు, మోసపు గొట్టము అంతకన్న కాదు. ఏది ఒండ్రో, ఏది కోతో విడదీసి చెప్పు మాట.

అట్టివారికి ఒక చిన్న సలహా చెప్పి విరమింతును. అద్దము చూచుట తగ్గించుడు. ప్రతినెల మొదటి తేదీన, ఒకే కిటికీ ప్రక్కన, ఒకే వేళ, ఒకే వెలుగున ముఖమును ఫోటో తీసి దాచుడు. దినదినము చూచువానికి వరద తీయుట తెలియదు. నెలకొకసారి గట్టుమీద నిలిచి చూచువానికి, మొన్న నల్లగానున్న మడి నేడు ఎంత వెలిసినదో స్పష్టముగా తెలియును.